ఒకే యెండ, ఇరువురు అక్కచెల్లెండ్రు

మా పావగడ సీమలో వానకు కరవు గాని యెండకు ఎన్నడును కరవు లేదు. తాలూకా కర్ణాటకమునకు చెందినదే యైనను, పటము తెరచి చూచినచో దాదాపు నలుదెసలను ఆంధ్రదేశమే చుట్టుకొని యుండును. కచేరీ కాగితములు కన్నడమున నడచును. ఇంటిలో మాట, పెండ్లిలో పాట, చేనిలో తిట్టు తెలుగున నడచును. ఆడపడుచులను మడకశిరకును హిందూపురమునకును ఇచ్చి, కోడండ్రను పెనుగొండనుండియు కల్యాణదుర్గమునుండియు తెచ్చుకొనువారము. ఉత్తర పినాకిని యను పేరు ఎంత గొప్పదైనను, నాగలమడకలో సుబ్రహ్మణ్యస్వామి దర్శనమునకు పోయినవారికి ఏటిలో నీటికంటె ఇసుకయే ఎక్కువ నాళ్లు కనబడును. ఆ యిసుకమీద కాయు యెండను గూర్చి మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ యెండకు వెల యున్నదని లోకము ఇటీవల కనుగొన్నది. 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరకు పూర్తియైన సౌరవిద్యుత్ క్షేత్రము తిరుమణి, బళసముద్రము, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను ఐదూళ్ల పొలములలో దాదాపు 13,000 ఎకరములు పరచుకొన్నది. దాని శక్తి 2,050 మెగావాట్లు. రైతు భూమిని అమ్మనక్కరలేక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల వంతున కౌలు మొదలయ్యెను. పేరులోనే చెరువు వినబడు ఊళ్లలో నేడు నీటికి బదులు అద్దపు పలకలు మెరయుచుండుట చూచి మేము ఒక్కొక్కప్పుడు నవ్వుకొందుము. ఆ పలకలన్నియు ఇంచుమించు ఒకే యచ్చున పోసినవి. ఒకదానిపై పడిన యెండ ఎంత కరెంటు నిచ్చునో, ప్రక్కదానిపై పడినదియు అంతే యిచ్చును. మనుష్యులును అంతే యని మేము అరువది యేండ్లకు పైగా నమ్మితిమి. ఆ నమ్మకము మా యింట ఒక ప్రాణము మీదికి తెచ్చినది.

సంచికకు మన సంస్కృతిని గూర్చి వ్యాసము కావలెనని సంఘమువారు అడిగినప్పుడు, రక్తపరీక్షల సంగతి వ్రాయవచ్చునా యని సందేహించితిమి. మేనరికము మన సంస్కృతియే గదా, అక్కచెల్లెండ్ర యలుకయు మన సంస్కృతియే గదా యని పిమ్మట ధైర్యము తెచ్చుకొంటిమి.

మా యింటియామె మాకు మేనమామ కుమార్తె. ఆమె యక్కను మా పెదతండ్రి కుమారునికిచ్చిరి. కావున ఆ యిరువురును ఒకే పుట్టింటినుండి బయలుదేరి, నడుమ ఒక్క గోడ గల రెండిండ్లకు కాపురమునకు వచ్చి, నలువదేండ్లకు పైగా ఒకే బావినీరు త్రాగి, ఒకే తిరుగటిలో విసరిన పిండి సంగటి తిని, చెనక్కాయ చేలలో ప్రక్కప్రక్క సాళ్లలో కలుపు తీసినవారు. వదినగారు పచ్చని చాయ. మా యింటియామె చామనచాయ. పుట్టింటిలో ఈ భేదమును గూర్చి చాల మాటలు నడచినవట. అంతకు మించి వారి నడుమ భేదమేమియు మాకు కనబడలేదు.

2022 లో మనుమని నామకరణమునకు అందరము బెంగుళూరు పోయితిమి. మా రెండవ కుమారుడు అక్కడ ఉద్యోగి. ఈ కాలపు పిల్లలకు తల్లిదండ్రులమీది ప్రేమ రక్తపరీక్షల రూపమున పొంగును. తల్లి మోకాళ్ల నొప్పులనుచున్నదని, పెద్దమ్మయు తోడుగా నున్నదని, వాడు ఇరువురికి ఒకే యుదయమున ఒకే పరీక్షాలయమువారిచేత రక్తము తీయించెను. కాగితములు వచ్చినవి. మిల్లీలీటరు రక్తమునకు నానోగ్రాముల లెక్కన డి విటమిను వదినగారికి 24, మా యింటియామెకు 9.

ఇరువదికి దిగువ నున్నచో తక్కువ యని 2010 చివర అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక హద్దు పెట్టినది. మరుసటి యేడే అక్కడి ఎండోక్రైన్ వైద్యుల సంఘము హద్దురాతిని 30కి జరిపినది. 2024 లో ఆ సంఘమే తాను పాతిన రాతిని తానే పెరికివేసినది. గట్టు తగాదాలు చూచిన మాకు ఇందులో వింత లేదు. ఏ హద్దు పెట్టినను 9 దిగువనే యుండును.

అప్పుడు మేము చేసిన మొదటి తప్పు మాట తూలుట. 'మీ యక్క చేనికి పోయెను. నీవు నీడపట్టున కూర్చుంటివి' అంటిమి. పదిమంది బంధువుల నడుమ అంటిమి. ఆమె వెంటనే మాటాడలేదు. తట్టలో మిగిలిన తమలపాకులు సర్దుచు, 'ఒకే చేన్లో, పక్కసాల్లో కలుపు తీసినాము కదా బావా, సూర్యుడు మా అక్కను చూసి నన్ను చూడలేదా?' అనెను. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. సమాధానము తెలియని ప్రశ్న వేసిన వారిమీద మగవానికి కోపము వచ్చుట లోకసహజము. మాకును వచ్చినది.

రెండవ తప్పు మాటతో పోలేదు. అక్కడి వైద్యుడు 60,000 యూనిట్ల పొడి పొట్లములు వ్రాసి, వారమునకొకటి చొప్పున ఎనిమిది వారములు పాలలో కలిపి యిమ్మనెను. అట్లే యిచ్చితిమి. ఊరికి వచ్చిన పిదప మరల పరీక్ష చేయించగా లెక్క 14. మాకు ఓర్పు తప్పినది. ఒక మూట యెరువుకు చేను పచ్చబడనిచో రెండవ మూట చల్లు వాడుకలో పెరిగినవారము. మందుల దుకాణములో అడిగినన్ని పొట్లము లిచ్చిరి. వైద్యుని అడుగకుండ, దినమునకొకటి చొప్పున రెండు నెలలకు పైగా పాలలో కలిపితిమి. ఆమె చదువుకొన్నది కాదు. మే మిచ్చినది త్రాగెను.

మొదట ఆకలి పోయెను. పిదప వాంతులు, ఎన్ని చెంబులు త్రాగినను తీరని దప్పి, మలబద్ధము, రాత్రి నాలుగైదు సారులు లేచుట. వడదెబ్బ యనుకొని మజ్జిగ యిచ్చితిమి. మజ్జిగతో పాటు ఆ దినపు పొట్లమును మానలేదు. ఒక యుదయమున పొయ్యి ముందు కూర్చుండి, చేత తెడ్డు పట్టుకొని, సంగటి కెలకుట మరచి, 'ఇది ఎవరి ఇల్లు?' అని ఆమె యడిగినప్పుడు మాకు కాలు చేయి ఆడలేదు. ప్రక్కయింటివారి కారులో పట్టణపు ఆసుపత్రికి చేర్చితిమి. రక్తములో కాల్షియము 10.5 దాటరాదట, ఆమెకు 13.6 ఉండెను. పొట్లములు నిలిపి, నరములోనికి సెలైను ఎక్కించి, మందులిచ్చి ప్రాణము నిలిపిరి. డి విటమిను నీటిలో కరగి పోవునది కాదు. క్రొవ్వులో దాగి మెల్లమెల్లగా బయటికి వచ్చునది. అందుచేత ఆమె తేరుకొనుటకు వారములు పట్టినది.

అక్కడి వైద్యురాలు మా మనుమరాలి యీడుకు కొంచెము పెద్దది. పొట్లము త్రిప్పి చూచి, 'తాతా, వారానికి ఒకటి అని రాసి ఉంటే రోజుకొకటి ఎందుకిచ్చినారు?' అనెను. 'వాళ్లక్కకు 24 ఉందమ్మా, ఈమెకూ అంత రావలెనని' అంటిమి. ఆమె మందలింపలేదు. 'అక్క ఒళ్లు అక్కది, ఈమె ఒళ్లు ఈమెది. ఇద్దరికీ ఒకే కొలత రావాలని ఎవరు చెప్పినారు?' అనెను. ఆ ప్రశ్నకును మాయొద్ద సమాధానము లేకపోయెను. కాని ఈసారి కోపము రాలేదు.

తరువాత తెలిసికొన్నదంతయు కొంత ఆ వైద్యురాలి చలువ, కొంత మా పెద్ద కుమారుని కుమార్తె చలువ. ఆ పిల్ల అప్పుడు బి.ఎస్సీ. చదువుచుండెను. ఆంగ్లపత్రికలలోని సంగతులు చదివి మాకు తెలుగున చెప్పినది ఆమెయే.

చెనక్కాయ పండించువారికి ఈ విద్య సులువుగా బోధపడును. మన చర్మములో 7-డీహైడ్రోకొలెస్టరాలు అను పదార్థము కలదు. దానిని కాయ యనుకొనుడు. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కొన్ని ఆ కాయను ఒలిచి గింజను, అనగా డి విటమినును, బయటికి తీయును. ఆ గింజ కాలేయమను గానుగలో పడి నూనె యగును. ఆ నూనెను నెత్తురను బాటవెంట ఊరూర త్రిప్పు బండి యొకటి కలదు. అది ఒక మాంసకృత్తు. మూత్రపిండములు తమకు కావలసినంత నూనెను దించుకొని, కాచి, వాడుకకు తయారు చేయును. అప్పుడే అది పేగులలోని కాల్షియమును ఒంటికి పట్టించగలుగును. మిగిలిన నూనెను పారబోయుటకును ఒక పనివాడు కలడు. పరీక్షాలయమువారు కొలుచునది గింజను కాదు, వంటింటిలో కాగిన నూనెను కాదు. బాటమీద బండ్లలో నున్న నూనెను. ఈ యొక్క సంగతి మేము ముందే యెరిగియున్నచో ఆ పాలగ్లాసులు అన్ని యుండెడివి కావు.

ఈ పనివాండ్రలో ప్రతివానికిని ఎట్లు పనిచేయవలెనో వ్రాసియిచ్చు పత్రమే జన్యువు. పత్రమున ఒక్క యక్షరము మారినను పనివాడు కొంత చురుకుగానో కొంత మందముగానో ఉండును. 2010 లో 'లాన్సెట్' పత్రికలో, ఐరోపా సంతతివారు దాదాపు 34,000 మంది రక్తమును జన్యువులతో పోల్చిచూచిన పరిశోధన వెలువడినది. ముఖ్యముగా మూడు చోట్ల అక్షరభేదములు బయటపడినవి. బండి నిర్మాణమును శాసించు జి.సి. అను జన్యువు ఒకటి. గానుగవానిని శాసించు సి.వై.పి.2ఆర్1 మరియొకటి. చర్మములోని కాయను డి విటమినుకు మిగల్చక కొలెస్టరాలుగా మార్చివేయు పనివానిది, డి.హెచ్.సి.ఆర్.7 అను జన్యువు, మూడవది. ఈ మూడింటియందును అననుకూలమైన అక్షరములు ఎక్కువగా పొందినవారికి, తక్కువగా పొందినవారికంటె లోపము కలుగు అవకాశము ఇంచుమించు రెట్టింపని తేలినది. 2020 లో బ్రిటనులో నాలుగు లక్షలకు పైబడిన జనుల జన్యువులను వెదకినవారికి ఇట్టి స్థానములు నూటికి మించి దొరకినవి. మన దేశమున పంజాబు సిక్కులను గూర్చి 2016 లో ఒక పరిశోధన ప్రచురితమైనది.

బండి కథ ముచ్చటైనది. 1959 లో స్వీడను దేశమున హిర్ష్‌ఫెల్డు అను శాస్త్రజ్ఞుడు మనుష్యుల నెత్తురులోని ఒక మాంసకృత్తు అందరిలో ఒకే తీరున లేదని, వంశపారంపర్యముగా రకములుగా వచ్చుచున్నదని కనుగొనెను. దాని పని యేమో తెలియక జి.సి. యని పొట్టిపేరు మాత్రము పెట్టిరి. అది డి విటమినును మోయు బండి యని 1975 లో గాని తేలలేదు. పదునారేండ్లు దానిని గుర్తుపట్టి, అది మోయుచున్న మూట నెవరును విప్పి చూడలేదన్నమాట.

ఐతే అంతయు పుట్టుకయే యనుకొనరాదు. కవలలను పోల్చిన పరిశోధనలు కొన్ని వంశమునకు నూటికి 20 పాళ్లిచ్చినవి, కొన్ని 80 దాక ఇచ్చినవి. జనములో సాధారణముగా కనబడు అక్షరభేదములన్నిటిని కలిపి కట్టిన లెక్క నూటికి 15 దాపుననే నిలిచినది. మిగిలినది యెండ, వయస్సు, ఒంటిక్రొవ్వు, బట్ట, ఒంటిచాయ. ఒంటిచాయ మరల పుట్టుకయే. చామనచాయను ఇచ్చు వర్ణద్రవ్యము ఆ కిరణములను తానే మ్రింగుకొనును గావున, పచ్చని చాయకు పదినిముషములలో కలుగు పని చామనచాయకు ఇంకను ఎక్కువ సేపటికి గాని కలుగదు. ఒకే సాలులో, ఒకే గడియలో, అక్కకు చాలిన యెండ చెల్లెలికి చాలకపోవచ్చును. మందుపొడి విషయమునను అంతే, జి.సి., సి.వై.పి.2ఆర్1 అక్షరములను బట్టి ఒకే మోతాదుకు ఒకరి లెక్క ఎక్కువగా పెరుగును, ఇంకొకరిది తక్కువగా పెరుగును. తొమ్మిదినుండి పదునాలుగునకు వచ్చిన మా యింటియామె శరీరము తన నడక తాను నడచుచుండెను. వెనుకనుండి తరిమినది మేము.

ఒకే తల్లిదండ్రులకు పుట్టినవారికి ఈ భేదమేల యని అడుగువారు మన యిండ్లలో జరుగు భాగపరిష్కారములను తలచుకొందురు గాక. ప్రతి జన్యువునకును తండ్రియొద్ద రెండు ప్రతులు, తల్లియొద్ద రెండు ప్రతులు ఉండును. బిడ్డకు ఒక్కొక్కరినుండి ఒక్కొక్క ప్రతియే వచ్చును. ఏది వచ్చునో చీటీ వేసినట్లే. ఒక సోదరునికి బావి ప్రక్క మడియు, ఇంకొకనికి గుట్టప్రక్క చెక్కయు వచ్చినప్పుడు, గుట్టప్రక్కవాడు సోమరి యని మనము అనము. మేము అంటిమి.

యెండను గూర్చియు ఒక మాట చెప్పవలెను. లేత యెండయే ఒంటికి మేలని మన పెద్దలు పసిబిడ్డలకు నూనె రాచి ఉదయము ఏడింటికి అరుగుమీద పరుండబెట్టుదురు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో పనిచేసిన హరినారాయణగారు, ఆయన సహచరులు ఆ కాయవంటి పదార్థమును గాజుబుడ్లలో నింపి తిరుపతి యెండలో గంటగంటకు పెట్టి చూచిరి. పదునొకండు గంటలు మొదలు రెండు గంటల వరకే అది ఎక్కువగా మారుచున్నదని 2013 లో ప్రకటించిరి. తిరుపతికిని పావగడకును అక్షాంశమున అరడిగ్రీ మాత్రమే భేదము గావున ఆ లెక్క మనకును చెల్లును. మన నీడ మనకంటె పొట్టిగా ఉన్న వేళ యని గుర్తుంచుకొన్న చాలును. ఆ వేళకు మన స్త్రీలు కొంగు నెత్తిమీదికి లాగి, పాతచొక్కా చేతులకు తొడిగి కలుపు తీయుదురు. ముఖము, అరచేతులు తప్ప ఏమియు యెండకు తగులదు. చేనిలో నున్నంత మాత్రమున యెండలో నున్నట్లు కాదు. తిరుపతి చుట్టుపట్ల జనులను గూర్చి ఆయనయే 2007 లో ప్రకటించిన పరిశోధనలో పల్లెవారికి పట్టణవాసులకంటె డి విటమిను కొంత మెరుగుగా ఉన్నను, ఇరుతెగలవారికిని చాలినంత లేదు. తిండిలో కాల్షియము తక్కువ; ఉన్న కాల్షియమును ఒంటబట్టనీయని ఫైటేటు ఎక్కువ. నూరు గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాముల దాపున కాల్షియమున్నదని మేము గర్వపడుదుము. ఆ రాగులలోనే ఫైటేటును కలదు. మొలకెత్తించి విసరినచో అది తగ్గును.

మోకాళ్ల నొప్పికి ఆ తొమ్మిదియే కారణమని మేము ఏల నిశ్చయించితిమో తలచుకొన్నచో ఇప్పుడు సిగ్గగును. మా తాలూకాలో బోరుబావుల నీటిలో ఫ్లోరైడు ఎక్కువని తెలియనివారు లేరు. ఈ నీటివలన ఎముకలు బిగుసుకొను వ్యాధిని 1937 లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు పిల్లల మోకాళ్లు లోనికి వంగుటను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1973 లో వ్రాసిరి. మా యింటియామె కీళ్లలో ఫ్లోరైడు పాలెంతో, వయస్సు పాలెంతో, డి విటమిను పాలెంతో విడదీయవలసినది వైద్యుడు. మేము కాగితముమీద ఒక్క అంకెను పట్టుకొని మిగిలినవానిని వదలితిమి. అంకెలను గౌరవించుటయు తెలుగువారికి తెలియనిది కాదు. భీమవరమున పుట్టి అమెరికా చేరిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు తమ ఆచార్యుడు ఫిస్కేతో కలిసి 1925 లో ప్రకటించిన భాస్వర పరీక్షను ప్రపంచపు ప్రయోగశాలలు ఎంతకాలమో వాడుకొన్నవి. డి విటమిను లేమివలన ఎముకలు మెత్తబడు రికెట్సు వ్యాధిలో నెత్తురులోని భాస్వరమే తగ్గును. కొలత నేర్పినవారి జాతివారమై, మేము కొలతను చదువుట నేర్వలేదు.

హెచ్చు మోతాదు చేటు మాకొక్కరికే జరిగినది కాదు. యుద్ధానంతరము బ్రిటనులో పసిపిల్లల పాలపొడికిని పిండికిని డి విటమినును ధారాళముగా కలిపిరి. 1950 దశకమున కొందరు పిల్లలకు మాత్రమే రక్తములో కాల్షియము పెరిగి, వాంతులు పట్టి, ఒళ్లు చిక్కినది. అదే పాలు త్రాగిన ప్రక్కయింటి బిడ్డలు నిక్షేపముగా పెరిగిరి. అప్పుడు మోతాదు తగ్గించి ఊరకుండిరి. అట్టి పిల్లలలో కొందరికి, మిగిలిన నూనెను పారబోయు పనివాని పత్రము, సి.వై.పి.24ఎ1 అను జన్యువు, రెండు ప్రతులును చెడియుండుట కారణమని 2011 లో తెలిసినది. మా యింట జరిగినది అది కాదు. మేము పోసిన దానికి ఏ పనివాడును చాలడు.

ఇక మేనరికము. మా యింటియామె ఆసుపత్రిలో నున్న దినములలోనే బంధువర్గమున ఒక మాట పుట్టినది. వదినగారి కూతురి కొడుకునకు మా మనుమరాలిని, ఆ బి.ఎస్సీ. పిల్లనే, చేసికొనవలెనని చిన్ననాటినుండి అనుకొన్న మాట యుండెను. వరుస కుదిరినది, పొలము దగ్గర, తెలియని గుమ్మము కాదు. అట్టి సమయమున 'చెల్లెలి వంశములో ఎముకలు పుచ్చు రోగమట' అని ఎవరో అన్నారు. ఒకనాడు వదినగారు గోడ ప్రక్క నిలువబడి, 'మా అల్లుని తరపు వాండ్లు పిల్ల రక్తం చూపించమంటాండారు' అని మెల్లగా అనిరి. మా యింటియామె విన్నది. చేతిలోని చెంబు గట్టుమీద పెట్టి లోనికి పోయినది. ఆ తరువాత ఆ గోడకు ఇరుప్రక్కల ఐదు నెలలు మాట లేదు. నలువదేండ్లలో ఎన్నడును జరుగనిది.

ఆ దినములలో మేము వైద్యురాలిని మరల కలిసి అడిగితిమి. ఆమె చెప్పినది రెండు భాగములుగా వినవలెను. మా బంధువులు ఒక్కటిగా కలిపి విన్నారు. అంకె నిట్లు కొంత తగ్గించు అక్షరభేదములు దేశమంతట లక్షలాది జనములో నుండునవి. అవి రోగము కావు, వంశమునకు మచ్చ కావు. పైగా అవి మా యింటియామెకు పుట్టింటినుండి వచ్చినవే గదా. అదే తల్లిదండ్రుల బిడ్డయైన వదినగారును ఒక ప్రతిని మోయుచుండవచ్చును. ఆమె కూతురును, రక్తము చూపుమన్న ఆ వరుడును మోయుచుండవచ్చును. ఈ మాట మేము వదినగారితో చెప్పినప్పుడు ఆమె చాలసేపు మా ముఖము చూచి, 'అయితే అది మా నాయన సొత్తే' అనిరి.

రెండవ భాగము వేరు. చాల అరుదుగా, డి విటమినును మూత్రపిండములలో తుదకు తయారుచేయు జన్యువు పూర్తిగా చెడియుండును. ఒక్క ప్రతి చెడినవానికి ఏ బాధయు కనబడదు. అట్టివారిరువురు దంపతులైనచో నలుగురు బిడ్డలలో ఒకరికి వంతున రెండు ప్రతులును చెడి, ఎంత యెండయున్నను ఎంత మందుపొడి త్రాగినను మానని రికెట్సు వచ్చు అవకాశము కలుగును. పరాయి కుటుంబములనుండి వచ్చిన దంపతులకు ఒకే చెడ్డ ప్రతి యుండుట మిక్కిలి అరుదు. మేనత్త మేనమామ బిడ్డలు జన్యువులలో ఎనిమిదింట ఒక పాలు పంచుకొన్నవారు. అక్కకూతురును చేసికొన్నచో నాలుగింట ఒక పాలు. తరము తరమున మేనరికమే చేసినచో ఆ పాలు ఇంకను పెరుగును. మా వివాహమును మేనరికమే, మా తల్లిదండ్రులదియు మేనరికమే.

మనుమరాలు చదివి వినిపించిన వానిలో ఒక ఉదంతము మమ్ము చాలనాళ్లు వదలలేదు. 2019 లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' పత్రికలో వచ్చినది. దగ్గరి బంధువులైన దంపతులకు పుట్టిన 58 ఏండ్ల స్త్రీకి డి విటమిను అసలు లేనంత తక్కువగా కనబడినది. ఎంత మందిచ్చినను లెక్క కదలలేదు. వెదకి చూడగా ఆమెకు జి.సి. జన్యువు రెండు ప్రతులును లేవు. బండి యన్నదే లేదు. బాటమీద కొలిచిన నూనె సున్న. ఐనను కాల్షియము సరిగానే ఉండెను. ఎముకలకు కలిగిన చేటు అనుకొన్నదానికంటె చాల తక్కువ. వెన్నెముక బిగుసుకొను వేరొక వ్యాధి ఆమెను బాధించుచుండెను గాని, అంకెను చూచి భయపడినంత ఆకలి ఆమె వంటింటిలో లేదు. ఇది వినుచున్నంతసేపు మా యింటియామె బియ్యము చెరుగుచునే యుండెను. చివరకు, 'ఆయమ్మకు రోజూ పొట్లం పోయు మొగుడు లేడేమో' అనెను. మనుమరాలు పకపక నవ్వినది. మేము నవ్వలేకపోతిమి.

ఆ సంబంధము జరుగలేదు. కారణము రక్తమును కాదు, రికెట్సును కాదు. మైసూరులో ఎం.ఎస్సీ. చదివెదనని ఆ పిల్ల తానే చెప్పి పోయినది. మూడవ తరమునను మేనరికము వలదని చెప్పవలెనని మాకుండెను గాని వదినగారి యెదుట ఆ మాట నోరు దాటలేదు. పిల్ల మమ్ము ఆ పరీక్షనుండి తప్పించినది. ఈ సంచిక చదువు కుటుంబములలో అట్టి మాట ఎదురుచూచుచున్నవి ఎన్నియో యుండును. వారికి మాకంటె మేలైన ధైర్యము కలుగు గాక.

అక్కచెల్లెండ్ర మౌనమును వైద్యశాస్త్రము తీర్చలేదు. చెనక్కాయ తీర్చినది. ఆ యేడు కార్తికమున కాయ యింటికి రాగా, కూలీలు దొరకక, వదినగారు తమ చాపను మా మిద్దెమీదికి తెచ్చి పరచి, పిలువకుండనే కాయ విడిపించుటకు కూర్చుండిరి. పండ్రెండు గంటల యెండ. మా యింటియామె కొంగు నెత్తిమీదికి లాగికొనబోగా, వదినగారు ఆ కొంగును పట్టి క్రిందికి దించి, 'ఉండనీ, కొంచెంసేపు కాగనీ' అనిరి. కొంతసేపటికి తాము నీడలోనికి జరిగి, చెల్లెలిని అక్కడనే యుంచిరి.

మొన్నటి పరీక్షలో వదినగారికి 23, మా యింటియామెకు 19. కాల్షియము సరిగా నున్నది. వైద్యురాలు ఇప్పుడు నెలకొక పొట్లము మాత్రము వ్రాసినది. ఆ పొట్లముల డబ్బా మా యింటియామె పెట్టెలో నున్నది. తాళపుచెవి ఆమె కొంగుముడిలో నున్నది.